గద్ద చూపించిన వాగు

నేను స్కూలు బస్సు నడపడం మానేసిన రోజున టీచర్లంతా కలిసి నాకొక డ్రోన్ బహుమతిగా ఇచ్చారు. ఇన్నేళ్ళూ మట్టిరోడ్ల మీద దుమ్ము మింగుతూ తిరిగాను కదా, ఇకనైనా పైనుంచి చూడమని వాళ్ళ సరదా. మా ఆయన కోలిన్ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదా ఎగిరేది? మన కోడి తుమ్మినా కిందపడేట్టుంది గ్లెనిస్."

"పడితే నేను ఏరుకుంటాలే. నీ పని నువ్వు చూసుకో."

నేను పుట్టి పెరిగిందంతా అడిలైడ్‌కి ఉత్తరాన ఉన్న ఈ ఫ్లిండర్స్ కొండల అడుగునే. అయినా మా నేలను పైనుంచి చూడడం అదే మొదలు. ఎర్రటి గుట్టలు, వాటి మధ్య ఎండిన వాగులు, వాగుల వెంబడి జామాయిల్ చెట్లు. ఇది మాది, అది పక్కనున్న నెవిల్‌ది అని తీగలు లాగి పంచుకున్నాం గానీ, పైనుంచి చూస్తే ఆ తీగలేవీ కంటికి ఆనవు. రోజూ ఉదయం టీ తాగి, టోపీ పెట్టుకుని, పెరట్లోంచి దాన్ని లేపేదాన్ని. రిమోట్‌కి తగిలించిన ఫోనులో కొండలు కదులుతూ కనిపిస్తుంటే పొయ్యి మీద గంజి మాడిపోయేది.

ఆకాశం నా ఒక్కదానిదే కాదని తొందరగానే తెలిసొచ్చింది. వసంతం రాగానే మ్యాగ్‌పైలనే నలుపూ తెలుపూ పిట్టలు దాడి మొదలుపెట్టాయి. గూళ్ళు కట్టుకునే రోజుల్లో అవి మనుషుల నెత్తినే పొడుస్తాయి, నా డ్రోన్‌ని వదులుతాయా? నీటి గుంట దగ్గర నేలమీద గుడ్లు పెట్టే తీతువుల్లాంటి పక్షులైతే ఊరంతా వినబడేట్టు తిట్టిపోశాయి. మొదట్లో నాకూ పౌరుషం వచ్చేది. మొండిగా అక్కడక్కడే తిప్పేదాన్ని. కానీ ఓ రోజు ఆ తీతువు, ఉత్త పిడికెడంత పక్షి, రెక్కలు చాచి నా డ్రోన్ కిందే నిలబడి కదలకుండా అరుస్తుంటే సిగ్గేసింది. దాని ఇంటి మీదికి నేనే కదా వెళ్ళింది. ఆ రోజునుంచి ఏ పక్షి చిరాకు పడినా మెల్లగా వెనక్కి తెచ్చేసుకునేదాన్ని.

గద్ద సంగతి వేరు. మా దగ్గర ఉండే పెద్ద గద్ద రెక్కలు చాస్తే, మనిషి కాళ్ళు చాపుకుని పడుకున్నంత వెడల్పు. అది అరవదు, హెచ్చరించదు. మొదటిసారి నా ఫోనులో ఏదో నీడ అడ్డం పడ్డట్టయింది, అంతే. తలెత్తి చూసేసరికి నా డ్రోన్ గిరగిరా తిరుగుతూ తుప్పల్లో పడుతోంది. తీసి చూస్తే పైడొప్ప మీద మూడు గోళ్ళ గీతలు.

పోర్ట్ అగస్టాలో డ్రోన్ల క్లబ్బు నడిపే రోలండ్‌కి ఫోన్ చేశాను. ఆయన పకపకా నవ్వాడు.

"దీక్ష తీసుకున్నావన్నమాట! విను. గద్ద కనబడగానే పక్కకి పారిపోకు. అడ్డంగా పరిగెత్తేదాన్ని పట్టడమే దాని వృత్తి. నిటారుగా పైకి ఎత్తు. పైనుంచి దూకడంలో దాన్ని మించింది లేదు గానీ, కిందినుంచి నిలువునా పైకెక్కాలంటే దానికీ ఆయాసమే. అది విసిగి పక్కకి పోగానే దింపేసుకో. పొద్దున్నే చలిగా ఉన్నప్పుడు ఎగరెయ్యి, అప్పుడవి కొమ్మల మీద బద్ధకంగా కూర్చునుంటాయి."

"గూడు దగ్గరైతే?"

"గూడు దగ్గరకి వెళ్ళకు. అంతకంటే ఉపాయం లేదు."

మాకూ నెవిల్ ట్రెజైస్‌కీ మధ్యనున్న వాగు పక్కన, ఎత్తయిన జామాయిల్ చెట్టు మీద ఓ గద్దల జంట గూడు ఉంది. ఏటా దానికే కొత్త పుల్లలు పేర్చి పేర్చి అది ఇప్పుడు మంచమంత అయింది. చలికాలం మొదలవగానే ఆ వైపు ఎగరెయ్యడం మానేసేదాన్ని. పిల్ల ఎగిరిపోయాకే మళ్ళీ.

నెవిల్‌కి నా డ్రోన్ అంటే పడదు, గద్దలంటే అసలే పడదు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఆయనా, గొర్రెలూ, టిగ్ అనే కుక్కా. గద్దలు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతాయని వాళ్ళ తాత వాటిని కాల్చి, కంచె మీద వరసగా వేలాడదీసేవాడట. ఇప్పుడు చట్టం ఒప్పుకోదు కాబట్టి నెవిల్ నోటితో సరిపెట్టుకునేవాడు.

"నీ ఈగొకటి, ఆ రాక్షసులు రెండు," అనేవాడు కంచె దగ్గర కనబడితే. "మూడూ కొట్టుకు చస్తే ఆ రోజు నేను పండగ చేసుకుంటాను."

"పండక్కి మమ్మల్ని పిలు నెవ్. కేకు నేను తెస్తాను."

"నీ కేకా? గద్దలకి పెట్టు, అవే చస్తాయి."

ఇలా ఉండేది మా ఇరుగుపొరుగు.

ఆగస్టులో, మా చలికాలం చివర, గొర్రెలు ఈనే రోజుల్లో, ఓ మధ్యాహ్నం టిగ్ ఒక్కటే మా ఇంటికొచ్చింది. ఒళ్ళంతా బురద, నాలుక వేలాడేసుకుని వగరుస్తోంది. ఆ కుక్క నెవిల్‌ని వదిలి అడుగు కదలదు. కోలిన్ వైర్‌లెస్ రేడియోలో నెవిల్‌ని పిలిచాడు. జవాబు లేదు. వాళ్ళింటికి వెళ్ళి చూశాం. పొద్దున తాగిన కప్పు సింకులో ఉంది, నాలుగు చక్రాల బండి షెడ్డులో లేదు.

"గొర్రెల్ని చూడ్డానికి పైకి వెళ్ళుంటాడు," అన్నాడు కోలిన్. అంటూనే ఆకాశం వైపు చూశాడు. పడమటి కొండల మీద మబ్బు దట్టంగా దిగుతోంది. వాన పడితే ఆ వంకల్లో నీళ్ళు ఎంత తొందరగా వస్తాయో ఇద్దరికీ తెలుసు.

అంబులెన్సు నడిపే టానియాకి ఫోన్ చేశాం. ఆమెది జీతం లేని సేవ. పట్నంలో దుకాణం మూసేసి రావాలి. "మనుషుల్ని పోగేసుకుని వస్తాను, ఈలోగా మీరు వెతుకుతూ ఉండండి," అంది. టిగ్‌ని దారి చూపిస్తుందని ముందు నడిపించబోయాం గానీ, పాపం, అది మా వరండాలో కూలబడి లేవలేకపోయింది. పాదాలు చీరుకుపోయి ఉన్నాయి.

ట్రక్కు వెళ్ళగలిగినంత దూరం వెళ్ళాం. గుట్ట మీద గేటు దగ్గర ఆపి కోలిన్ కాలినడకన ఒక వంకలోకి దిగాడు, నేను డ్రోన్ లేపాను. ఉత్తరం వైపు చూశాను, తూర్పు వైపు చూశాను. గొర్రెలు, రాళ్ళు, మళ్ళీ గొర్రెలు. ఒక బ్యాటరీ అయిపోతే ఇంకోటి పెట్టాను. కోలిన్ ఆయాసపడుతూ తిరిగొచ్చాడు.

"లేడు. ఇంకెక్కడ మిగిలింది?"

మిగిలింది గద్దల వాగే. అప్పటికి గూట్లో పిల్ల ఉండే ఉంటుంది.

"గ్లెనిస్, వాడు చచ్చిపోతే?"

"తెలుసయ్యా! వాగంతా నడిచి వెతికేసరికి చీకటి పడుతుంది, అదీ తెలుసు." బ్యాటరీ మార్చాను. ఇదే ఆఖరిది. "నువ్వు ఆకాశం చూడు. నేను ఫోను చూస్తాను. ఏది కనబడినా కేకెయ్యి."

గూటికి వీలైనంత దూరంగా ఉంచి, వాగు మీదుగా పోనిచ్చాను. కొంచెం దూరం పోయిందో లేదో, కోలిన్ నా భుజం పట్టుకుని ఊపాడు.

"వచ్చింది! ఎడమ పక్కనుంచి!"

నిటారుగా పైకి లేపాను. ఫోనులో నేల కుంచించుకుపోయింది. గద్ద కిందినుంచి రెక్కలు కొట్టుకుంటూ రాబోయి, అలిసి, పక్కకి జారిపోయింది. నేను మళ్ళీ దించి వాగు చూశాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ లేపాను. "క్షమించు తల్లీ, క్షమించు, ఒక్క నిమిషం," అని ఆ గద్దతో పైకే మాట్లాడుతున్నాను.

వాగు మొత్తం పైనుంచి చూశాను. ఇసుక, రాళ్ళు, పడిపోయిన మాను. మనిషి లేడు, బండి లేదు. ఛార్జి అయిపోవస్తోందని రిమోట్ కీచుమంటోంది.

"తెచ్చెయ్యి," అన్నాడు కోలిన్ నీరసంగా. "అక్కడ లేడు."

వెనక్కి తిప్పాను. ఇద్దరం ఆ తరిమిన ఆడ గద్దనే చూస్తున్నాం. మగది వెనకనుంచి, కొండ అంచు దాటి ఎప్పుడొచ్చిందో ఎవరమూ చూడలేదు. ఫోనులో ఆకాశం, రాళ్ళు, ఆకాశం, చెట్టు, ఇసుక, అన్నీ ఒకదాని మీదొకటి దొర్లాయి. తర్వాత బొమ్మ ఆగిపోయింది.

నేను గేటు పక్కన నేలమీద కూర్చుండిపోయాను. నాకు ఏడుపొచ్చింది. డ్రోన్ పోయినందుకు కాదు. ఆ పక్షుల్ని అంత బాధపెట్టీ ఏమీ సాధించలేకపోయానని. కోలిన్ నా పక్కన కూర్చుని ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది ఎక్కడ పడిందో చూద్దాం. వెనక్కి తిప్పి చూపించే మీట ఏది?"

డ్రోన్ తీసింది కొంత ఫోనులో నిలవ ఉంటుంది. ఆ పడిపోవడాన్ని మెల్లగా నడిపించాం. ఆకాశం. రాళ్ళు. చెట్టు. డ్రోన్ వాగులోకి దిగి, గట్టుకి సమానంగా వచ్చిన చోట కోలిన్ ఆపేశాడు.

"ఇదేమిటి?"

వాగు గట్టు లోపలికి కోసుకుపోయి, పైన చూరులా ముందుకి పొడుచుకొచ్చి ఉంది. ఆ చూరు కింద నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది. చక్రం. దాని పక్కన ఒక బూటు.

పైనుంచి ఎన్నిసార్లు చూసినా ఆ చూరు కింద ఏముందో కనబడదు. పక్కనుంచి, అంత కిందినుంచి చూస్తేనే కనబడుతుంది. నేను ఎంత నేర్పుగా ఎగరేసినా అక్కడికి దించేదాన్ని కాదు. గద్ద దించింది.

కోలిన్ అప్పటికే ట్రక్కులోంచి టార్పాలిన్, గునపం, తాడు లాగుతున్నాడు. నేను రేడియోలో టానియాకి చోటు చెప్పాను. గుట్ట దిగుతూ నెవిల్‌ని పిలిచాం. కొంచెం దూరం పోయాక కింద ఎక్కడో టంగు టంగుమని ఇనుము మీద రాయి కొడుతున్న చప్పుడు వినబడింది. నా జన్మలో అంత అందమైన చప్పుడు వినలేదు.

గట్టు విరిగి బండి తిరగబడింది. నెవిల్ తొడ దాని కింద ఇరుక్కుపోయింది. ఓ బండరాయి బరువు మోయబట్టి పూర్తిగా నలగలేదు. ముఖం పాలిపోయి ఉంది, పెదాలు నీలంగా ఉన్నాయి, చేతిలో రాయి ఇంకా వదల్లేదు.

"ఇంతసేపా?" అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. "ముసలాళ్ళిద్దరూ దారిలో పిక్నిక్ పెట్టుకున్నారా?"

"నోర్ముయ్ నెవ్," అని నా కోటు తీసి అతని మీద కప్పాను. అతని చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. "టిగ్ మా ఇంట్లో ఉంది. అదే వచ్చి చెప్పింది."

అది వినగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల పక్కకి తిప్పుకున్నాడు.

టానియాని రేడియోలో అడిగితే, "బండిని కదపొద్దు, మేం వస్తున్నాం. ఒళ్ళు వెచ్చగా ఉంచండి, నిద్రపోనివ్వకండి. తాగడానికేమీ ఇవ్వొద్దు," అంది. టార్పాలిన్ అడ్డం కట్టాం. ఇద్దరం చెరో పక్కా అతన్ని ఆనుకుని పడుకున్నాం. వాన సన్నగా మొదలైంది.

"నాకు ఫ్లాస్కులో టీ వాసన వస్తోంది," అన్నాడు నెవిల్.

"ఇవ్వొద్దంది."

"టానియాకి నేనంటే మొదట్నించీ పడదు."

నిద్రపోనివ్వొద్దంది కదా, "ఇంకేమైనా చెప్పు," అన్నాను.

"ఇందాక ఓపిక అయిపోయింది గ్లెనిస్. రాయి కింద పెట్టేశాను. ఎవరు వింటారులే అనుకున్నాను. అప్పుడు ఆ ఆడ గద్ద గూటి మీదనుంచి లేచింది. దేన్నో తరుముతోంది. నాకిక్కణ్ణుంచి నీ ఈగ కనబడలేదు, చప్పుడూ వినబడలేదు. కానీ అది అలా మళ్ళీ మళ్ళీ దూకుతుంటే తెలిసింది. ఇంకేదైనా అయితే ఒక్కసారికే పారిపోతుంది. ఇంత మొండిగా తిరిగొచ్చేది మా గ్లెనిసే అనుకున్నాను. మళ్ళీ రాయి తీసుకున్నాను."

కోలిన్ ముక్కు చీదుకున్నాడు. నేను నెవిల్ చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాను. చూరు బయట, చెట్టు కొమ్మ మీద ఆ ఆడ గద్ద వానలో తడుస్తూ మమ్మల్నే చూస్తోంది. కాసేపటికి గూట్లోకి దిగి రెక్కలు పరిచి కూర్చుంది. పిల్లని వానకి తడవకుండా కప్పుకుందని మాకర్థమైంది.

"చూడు," అన్నాడు నెవిల్ మెల్లగా. "అదీ మనలాగే పడుకుంది."

టానియా వాళ్ళు వెలుతురు ఉండగానే వచ్చారు. బండిని లేపి, కాలికి చెక్కలు కట్టి, స్ట్రెచర్ మీద గుట్ట పైకి మోసుకెళ్ళారు. నీళ్ళు ఆ వాగులోకి వచ్చాయి, కానీ మేమంతా గేటు దగ్గరికి చేరాకే వచ్చాయి. ఆ ఎర్రటి నీళ్ళు కింద ఆ చూరు దగ్గర సుడి తిరుగుతుంటే కోలిన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. దేవుణ్ణి పెద్దగా తలుచుకునే మనిషి కాదు.

నెవిల్‌ని విమానంలో అడిలైడ్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ అయ్యాక ఫోన్ చేశాడు. కాలెలా ఉందని నేనడిగేలోపే అతనడిగాడు.

"పిల్ల ఉందా?"

"ఏ పిల్ల?"

"గూట్లో పిల్ల, ఇంకే పిల్ల! మీరంతా అక్కడ అంత గోల చేశారు కదా. తల్లి గూడు వదిలేసిందేమోనని నాకిక్కడ నిద్రపట్టడం లేదు."

నాకూ అదే బెంగ. మర్నాడు కోలిన్, నేను బైనాక్యులర్స్ తీసుకుని ఎదురు గుట్ట మీద బండరాయి చాటున బోర్లా పడుకున్నాం. చాలాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత తండ్రి గద్ద ఒక కుందేలుతో దిగింది. పుల్లల మధ్యనుంచి తెల్లటి నూగు తల ఒకటి నోరు తెరుచుకుని లేచింది.

"ఉంది నెవ్," అని ఫోనులో చెప్పాను. "ఉంది, నీలాగే ఆకలి మీద ఉంది."

అటువైపు ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. "సరే అయితే," అని పెట్టేశాడు.

అతను ఇంటికొచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఊతకర్రతో కుంటుతూ, టిగ్‌ని ఒరుసుకుంటూ మా వరండా మెట్లెక్కి వచ్చాడు. ఆ వీడియో చూపించమన్నాడు. గోళ్ళు చాచుకుని మగ గద్ద ఫోనంతా నిండిపోయే చోట ఆపమని, ముందుకి వంగి చూశాడు.

"మా తాత వీటిని కంచెకి వేలాడదీస్తుంటే మేకులు నేనే అందించేవాణ్ణి," అన్నాడు. "అప్పుడు కూడా ఇంత దగ్గరగా చూడలేదు. చచ్చినవే చూశాను."

కేకు కోసి పెట్టాను. ఒక్క మాట అనకుండా రెండు ముక్కలు తిన్నాడు.

ఊళ్ళోవాళ్ళు చందా వేసుకుని నాకు కొత్త డ్రోన్ తెచ్చారు. ఇప్పుడు నేను ఎగరేసేటప్పుడల్లా నెవిల్ పక్కన మడతకుర్చీ వేసుకుని, ఆకాశం చూస్తూ కూర్చుంటాడు. "కుడి పక్క, ఎత్తులో, ఇంకా దూరంగానే ఉందిలే," అంటూ చెబుతాడు. అతను "దించెయ్" అంటే మారు మాట్లాడకుండా దించేస్తాను.

పోయిన వారం ముగ్గురం పట్నం వెళ్తున్నాం. దారిలో ఏదో లారీ కొట్టేసిన కంగారూ రోడ్డుకి అడ్డంగా చచ్చి పడి ఉంది. కోలిన్ దాన్ని తప్పించి పోనిస్తుంటే నెవిల్ డోరు మీద కొట్టాడు.

"ఆపు, ఆపు."

"ఎందుకు?"

"గద్దలు ఇక్కడే తినడానికి దిగితే, వెనకొచ్చే లారీ వాటినీ కొట్టేస్తుంది. కొత్తగా ఎగిరే పిల్లకి ఏం తెలుస్తుంది?"

కర్ర ట్రక్కుకి ఆనించి, కుంటికాలితోనే దిగి, కంగారూ తోక పట్టుకున్నాడు. ఒక్కడి వల్ల ఎక్కడవుతుంది? కోలిన్, నేను కూడా దిగి తలో కాలు పట్టుకున్నాం. ముగ్గురు ముసలాళ్ళం ఆయాసపడుతూ, ఒకర్నొకరం తిట్టుకుంటూ దాన్ని రోడ్డు మీదనుంచి బాగా లోపలికి, గడ్డి మధ్యకి లాగేశాం. నెవిల్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఆకాశంలోకి చూశాడు. అక్కడ ఇంకా ఏదీ లేదు.

"వస్తాయిలే," అన్నాడు. "పదండి, వాటికి అడ్డం లేకుండా."